తిరిగొచ్చిన సంచులు

అక్టోబరులో సరుకు దింపింది. జనవరి ఆఖరుకి డబ్బు రావాలి. ఫిబ్రవరిలో డబ్బుకు బదులు కబురు వచ్చింది. మలాకీ బ్రెస్లిన్ కంపెనీ చేతులెత్తేసింది, పడవ దగ్గర్నుంచి పార దాకా అన్నీ బాకీ రాబట్టడానికి బ్యాంకు పెట్టిన రిసీవర్ అధీనంలోకి పోయాయి. కిందటి వారం మనం వదిలేసేసరికి ఫిడెల్మా మక్‌గిన్లీ వంటింట్లో కూర్చుని ఉంది, ఒప్పంద పత్రం ముందు పెట్టుకుని, ఏడో షరతు మీద వేలు ఉంచి.

ఆ షరతు చెప్పేది చిన్న మాట. పూర్తి డబ్బు ముట్టేదాకా సరుకు అమ్మినవాళ్లదే.

సరుకంటే రెండేళ్లు పెంచిన ఆల్చిప్పలు. డూనారన్ అఖాతంలో ఫిడెల్మాకున్న చోట చిప్ప చక్కగా పెరుగుతుంది గాని లోపల కండ పట్టదు. బయటి ఇసుక తిన్నె మీద, మలాకీ ఇనప బల్లలున్న చోట, పోటు నీళ్లు మేత మోసుకొస్తాయి. అందుకని ఆమె పెంచి ఇస్తుంది, అతను ఒక చలికాలం కండ పట్టించి ఫ్రాన్సుకు పంపుతాడు. పన్నెండేళ్లుగా ఇద్దరికీ ఇదే బేరం. ఈసారి విలువ ముప్పై ఎనిమిది వేల యూరోలు. ఆ డబ్బులోంచే ఆమె పిల్ల చిప్పలు పొదిగించి అమ్మే ఫ్రాన్సు హేచరీకి పాత బాకీ కట్టాలి. శుక్రవారంలోగా కట్టకపోతే ఏప్రిల్లో ఆమెకు రావాల్సిన పిల్ల చిప్పలు ఇంకొకరికి పోతాయి. ఈ ఏడు పిల్ల వేయనివాళ్లకు రెండేళ్ల తర్వాత అమ్మడానికి ఏమీ ఉండదు. అంతకాలం ఏమీ అమ్మకుండా నిలబడగల ఇల్లు కాదు ఆమెది.

రిసీవర్ తరఫు మనిషి ఫోనులో మర్యాదగానే మాట్లాడాడు. షరతు ఉంది కాబట్టి వచ్చి చూసుకోవచ్చన్నాడు. అమావాస్య ఆటుకు బల్లలన్నీ బయటపడతాయి. ఆ ఒక్క ఆటులో తన సరుకు ఏదో గుర్తుపట్టి చూపించాలి, సంతకం పెట్టి తీసుకెళ్లాలి. నీళ్లు తిరిగి కమ్మేసరికి ఏది బల్ల మీద ఉంటే అది బ్యాంకుది.

ఆమె ట్రాక్టరు ఒక్కటీ ఒక్క ఆటులో అంత సరుకు లాగలేదు. పక్క రేవు హ్యూడీ గాలహర్‌ను అడిగింది. హ్యూడీకి డెబ్బై దాటాయి. అఖాతం లోపలి కొసన, బురద నేల మీద, అతనూ చిప్పలు పెంచుతాడు. అతని సరుకు కూడా మలాకీకే పోసి డబ్బు పోగొట్టుకున్నాడు. అయినా అడగ్గానే ట్రాక్టరు కడుక్కుని తెల్లవారకముందే వచ్చి ఆమె గేటు ముందు నిలబెట్టాడు. డీజిలు తానే పోయిస్తానని ఫిడెల్మా అంటే, ముందు నీ చిప్పలు నీ ఇంటికి చేరనీ, తర్వాత డీజిలు సంగతి చూద్దాం అన్నాడు.

రిసీవర్ మనిషి పేరు స్పిలేన్. డబ్లిన్ నుంచి వచ్చాడు. చంకల దాకా వచ్చే రబ్బరు బూట్లు కొత్తవి, మడతలు కూడా పోలేదు. హ్యూడీ అతన్ని కిందినుంచి పైదాకా చూసి ఫిడెల్మా చెవిలో అన్నాడు.

"దుకాణంలో బొమ్మకు తొడిగినవి ఊడబీకి తెచ్చుకున్నాడు. ఆ బొమ్మనే తెచ్చుంటే పోయేది, నాలుగు సంచులు మోసేది."

ఆమె నవ్వలేదు. స్పిలేన్ చెడ్డవాడైతే బాగుండేదని ఆమెకు అనిపించింది, తిట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు. అతను చలికి ముక్కు తుడుచుకుంటూ, దారిలో గొర్రెలు అడ్డం వచ్చి ఆలస్యమైందని క్షమాపణ చెప్పుకుంటూ వచ్చాడు. మలాకీ అతని వెనకాల నడుస్తున్నాడు. ఊరందరికీ బాకీ ఉన్నవాడు ఎలా నడుస్తాడో అలా కాదు, ఎప్పటిలాగే చేతులు జేబుల్లో పెట్టుకుని. దగ్గరికొచ్చాక మాత్రం ఫిడెల్మా కళ్లలోకి కాకుండా ఆమె టోపీ వైపు చూసి తల ఊపాడు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు.

నీళ్లు తగ్గేకొద్దీ బల్లలు వరసలు వరసలుగా తేలాయి. హ్యూడీ ట్రాక్టరును గట్టి ఇసుక మీదే ఉంచి ట్రైలరు సర్దుకుంటున్నాడు. మిగతా ముగ్గురూ మోకాటి లోతులో నడిచి ఆటులో కూడా నీళ్లుండే కాలవ పక్కనున్న ఆరు వరసల దగ్గరికి చేరారు. తన సరుకు ఇదేనని ఫిడెల్మా చూపించింది. అక్టోబరులో ఇక్కడే పరిచారు, తాను దగ్గరుండి చూసింది.

స్పిలేన్ ఒక సంచి అంచు ఎత్తి చూశాడు. వలలాంటి నల్ల సంచి, మూతికి పసుపు రబ్బరు పట్టీ. పక్కదానికీ పసుపే. ఆ వరసంతా పసుపే.

"ఇది బ్రెస్లిన్ గారి గుర్తు కదండీ?" అని అడిగాడు.

సంచి అతనిదే, లోపలిది తనది అంది ఆమె.

అతను ఒప్పందం నకలు తీశాడు. ఏడో షరతులో ఆమె వేలు ఎప్పుడూ ఆగే వాక్యం తర్వాత ఇంకో వాక్యం ఉంది. డబ్బు ముట్టేదాకా సరుకును విడిగా, అమ్మినవారి గుర్తున్న సంచుల్లోనే ఉంచాలి. అతను దాన్ని పైకి చదివి, తడవకుండా మళ్లీ ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని, మెల్లిగా అడిగాడు.

"మీ సంచులు ఏమయ్యాయి, మిసెస్ మక్‌గిన్లీ?"

ఆమె పసుపు పట్టీని వేలితో లాగి వదిలింది.

"పొద్దున మీ ఇంటి ముందునుంచే వచ్చాను. గోడ ఎత్తున పేర్చి ఉన్నాయి. నీలం పట్టీలు మీవే కదా?"

అవి ఇంట్లో ఎందుకున్నాయో డబ్లిన్ మనిషికి చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు. ఈ అఖాతంలో సంచికి ఉన్న విలువ చిప్పకు లేదు. చిప్ప పెరుగుతుంది, సంచి అరుగుతుంది. సరుకు కొన్నవాడు తన సంచుల్లోకి గుమ్మరించుకుని, ఖాళీవి కడిగి, వచ్చే అమావాస్య ఆటులోగా అమ్మినవాళ్ల వాకిట్లో పెట్టాలి. పెట్టనివాడికి ఇక్కడ పిల్లనివ్వడానికి కూడా ఆలోచిస్తారు. హ్యూడీ చెల్లెలు వెనకటికి ఒక సంబంధం కాదన్నది ఎందుకంటే, కుర్రాడు బంగారం, కాని వాళ్ల నాన్న దగ్గర ముగ్గురి సంచులు పడున్నాయి.

మలాకీ ఈ విషయంలో మచ్చలేని మనిషి. సంచులు అందరికంటే ముందు తెస్తాడు. గీకి, కడిగి, మడిచి, పట్టీలు విడిగా కట్టకట్టి మరీ తెస్తాడు. బ్యాంకువాళ్లు అప్పిచ్చే ముందు మూడేళ్ల పద్దులు అడుగుతారు. ఫిడెల్మా పన్నెండేళ్ల సంచులు చూసి అప్పిచ్చింది. ఆ పద్దులో ఒక్క తప్పూ లేదు. కొన్నవాడి దగ్గర తన సంచుల్లో ఉన్నంతకాలమే సరుకు మీద తన పేరు ఉంటుందని లాయరు రాసిచ్చిన కాగితం ఇంట్లో ఉండగానే, ఈసారి రెండు రోజులు ఆలస్యమైందని నవంబరులో తానే ఫోను చేసి సంచులు అడిగింది. అతను సాయంత్రానికల్లా తెచ్చి దింపాడు. తన పేరు చెరిపి తెచ్చిచ్చినవాడికి ఆమె థాంక్స్ చెప్పి, టీ పోసి, వెన్న రాసిన రొట్టె పెట్టింది.

సంచుల మాట వదిలేసినా ఫరవాలేదన్నాడు స్పిలేన్. సరుకు చూసి తనదేనని ఆమె చెప్పగలిగితే, కంపెనీ డైరెక్టరుగా మలాకీ అవునంటే, తాను అడ్డుపడడు. కాగితం తయారు చేసి తెస్తానని మలాకీని అక్కడే ఉండమని, తాను ట్రాక్టరు వైపు నడిచాడు. రాయడానికి అక్కడొక పొడి చోటు ఉంది.

ఫిడెల్మా సంచి మూతి విప్పి ఒక చిప్ప తీసింది. పైకి తనదేనన్నట్టు ఉంది. అయితే ఒక చలికాలం ఒకే ఇసుక మీద పడున్న చిప్పలన్నీ పైకి ఒకేలా ఉంటాయి. జేబులోంచి చాకు తీసి, మడత దగ్గర గుచ్చి, పై చిప్ప లేపింది. కండ బాగుంది, అంచు దాకా నిండి ఉంది. వేలితో దాన్ని పక్కకు జరిపి చూసింది.

తెల్లటి లోపలి భాగంలో గోధుమరంగు బుడిపె, పొక్కులాగా. బురద పురుగు తొలిచిన చోట చిప్ప పోసుకున్న పూత అది. ఒకసారి పడితే పోదు. ఆమెది శుభ్రమైన కంకర నేల, అక్కడ ఈ పురుగు బతకదు. ఈ అఖాతంలో బురద నేల ఉన్నది ఒక్కరికే.

ఆమె ఆ చిప్పను నోట్లో పోసుకుని మింగి, పెంకు నీళ్లలోకి విసిరేసింది. రెండో వరసలో ఒకటి తెరిచింది. నాలుగో వరసలో ఒకటి. చివరి వరసలో ఒకటి. అన్నీ మింగింది, అన్ని పెంకులూ కాలవలోకి పోయాయి.

"పరగడుపున నాలుగు లాగించావు," అన్నాడు మలాకీ. "నిమ్మకాయ తెద్దునా?"

"నావి ఎక్కడ?"

"ఇవే కదా చూపించావు."

"మలాకీ, నావి ఎక్కడ అని అడుగుతున్నా."

అతను జేబుల్లోంచి చేతులు తీశాడు. వాటిని ఏం చేయాలో తెలియక బల్ల మీద పెట్టాడు. గట్టి ఇసుక మీద హ్యూడీ స్పిలేన్‌తో ఏదో చెబుతున్నాడు, చేతులు ఊపుతున్నాడు, ట్రైలరు తాళ్ల గురించి కాబోలు.

"క్రిస్మస్ లారీలో పోయాయి," అన్నాడు మలాకీ. "బాగా కండ పట్టాయి ఫిడెల్మా. ఆ మాట నీకు చెప్పమని కూడా అన్నారు అక్కడివాళ్లు."

"డబ్బు?"

ఫ్రాన్సు డబ్బు ఒకరోజు పొద్దున ఖాతాలో పడిందట. మధ్యాహ్నానికి బ్యాంకు తన బాకీ కింద లాగేసుకుందట. అతను కంటితో చూసింది అంతే. ఆమెకు చెబుదామని రెండుసార్లు ఇంటిదాకా వచ్చాడు. ఒకసారి లోపల ఎవరో చుట్టాలున్నారు. ఇంకోసారి ఎవరూ లేరు, అందుకే భయమేసి వెళ్లిపోయాడు. ఈ ముక్క చెబుతున్నప్పుడు అతను అబద్ధమాడటం లేదని ఆమెకు తెలుసు, దానివల్ల ఒరిగేదేమీ లేదనీ తెలుసు.

"హ్యూడీతో ఏం చెప్పావు?"

"అతనివి లారీలో పోయాయని."

"నావి ఇక్కడున్నాయని నాకు చెప్పావు."

"కాగితం నీ దగ్గరుంది కదా," అన్నాడు మలాకీ. గొంతు తగ్గించాడు. "హ్యూడీ దగ్గర ఏముంది? చెయ్యి కలిపాడు, అంతే. ఇవి అతనివని నేనిప్పుడు అరిచి చెప్పినా ఆ డబ్లిన్ అబ్బాయి వినడు, సరుకంతా బ్యాంకుకు రాస్తాడు. అతనికి ఎటూ రావు. నువ్వు తీసుకుంటే ఈ ఊళ్లో ఒకళ్లైనా మిగులుతారు. కాదంటే ఇద్దరూ పోతారు. లెక్క వేసుకో. బళ్లో ఉన్నప్పుడూ లెక్కల్లో నువ్వు నాకంటే గట్టిదానివే."

"ఈ లెక్క నువ్వెప్పుడు వేశావు?"

అతను బల్ల మీది చేతులు మళ్లీ జేబుల్లో పెట్టుకున్నాడు. క్రిస్మస్‌కు ముందే వేసి ఉంటాడని ఆమెకు అర్థమైంది. లారీలోకి ఎవరి సరుకు ఎక్కించాలో తేల్చుకునేటప్పుడే, రేపు ఏదైనా అయితే ఎవరి చేతిలో కాగితం ఉందో కూడా చూసుకున్నాడు. ఆమెను ముంచేటప్పుడే ఆమెకు ఒక తాడు కట్టి ఉంచాడు. ఆ తాడు రెండో కొస హ్యూడీ మెడకు ఉంది.

ఆమె లెక్క వేసింది. వేయకూడదనుకుంటూనే వేసింది, కాళ్లకింద నీళ్లు ఆగి, కదలకుండా, తిరగడానికి సిద్ధమవుతుంటే. నిజం చెబితే తనకు సున్నా, హ్యూడీకి సున్నా. చెప్పకపోతే హేచరీ బాకీ తీరుతుంది, ఏప్రిల్లో పిల్ల వస్తుంది. హ్యూడీకి అప్పుడూ సున్నాయే. పోయింది అతని దృష్టిలో ముందే పోయింది, కొత్తగా పోయేదేమీ లేదు. తర్వాత సగం ఇస్తాను అనుకుంది. హేచరీకి కట్టి, పాత డీజిలు బాకీ కట్టి, మిగిలేదెంతో చూసుకుంది. సగం కాదు, పావు కూడా లేదు. రెండేళ్ల తర్వాత ఇస్తాను అనుకుంది. ఆ మాట ఆమె ఎవరికీ ఇవ్వలేదు, తనకు తానే ఇచ్చుకుంది. అలాంటి మాటకు గడువుండదు, వడ్డీ ఉండదు, అడగడానికి వచ్చేవాడూ ఉండడు. పోయినేడాది మలాకీ కూడా తనకు తాను ఇలాంటిదే ఏదో ఇచ్చుకుని ఉంటాడు.

లెక్క సరిపోయింది. ఎటు కూడినా సరిపోయింది. ఆమె చాకు మడిచి జేబులో పెట్టుకుంది.

స్పిలేన్ కాగితంతో తిరిగొచ్చాడు. ముందు మలాకీని అడిగాడు, ఈ ఆరు వరసలూ మిసెస్ మక్‌గిన్లీ అక్టోబరులో ఇచ్చిన సరుకేనా అని.

"ఆమెవే," అన్నాడు మలాకీ. ఒక్క మాట, తడుముకోకుండా.

తర్వాత స్పిలేన్ కాగితం ఆమెకు చదివి వినిపించాడు. సరుకు తనదేనని స్వయంగా పరీక్షించి చెబుతోంది. అది తప్పని తేలితే మొత్తం విలువ, ఖర్చులతో సహా, ఆమె కట్టాలి. కావాలని చెప్పిన తప్పైతే కేసు వేరే ఉంటుంది. చదవడం అయ్యాక అతను కాగితం వెంటనే చేతికివ్వలేదు. అనుమానమేదైనా ఉంటే చెప్పమన్నాడు, మొహమాటపడొద్దన్నాడు, తొందరేమీ లేదన్నాడు.

"ఆ మాట సముద్రానికి చెప్పు బాబూ," అని వెనకనుంచి హ్యూడీ కేకేశాడు. ట్రాక్టరును తిన్నె అంచుదాకా తెచ్చి దిగి వస్తున్నాడు. "కాలవలో నీళ్లు తిరిగాయి. అమ్మాయ్, సంతకమేదో గీకి పారెయ్, సగం సంచులైనా ఎక్కిద్దాం."

ఫిడెల్మా సంతకం పెట్టింది. వేళ్లు కొంకర్లు పోయి పేరు చివర రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. స్పిలేన్ దాన్ని చూసి, తేదీ వేసి, ఫోల్డర్లో పెట్టుకున్నాడు. మలాకీ ఇక తనతో పని లేదు కదా అని అడిగి, లేదంటే ఒడ్డు వైపు నడక సాగించాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

హ్యూడీ అప్పటికే కొక్కేలు ఊడదీస్తున్నాడు. ఆ వయసులో కూడా అతని చేతులు ఆగవు. ఒక్కో సంచి ఎత్తి నీళ్లు కారనిచ్చి బల్ల చివరకు జరుపుతూ, ఇవి ఇంటికెళ్లాక నీ నీలం సంచుల్లోకి మార్చేద్దాం, ఈ పసుపువి మాత్రం వాడికి తిరిగివ్వకు, ఈ ఒక్కసారికి దేవుడు కూడా ఏమీ అనుకోడు అని తనలో తాను నవ్వుకున్నాడు. ఆమె రెండో వైపు నిలబడి సంచి అంచు పట్టుకుంది. బరువు తెలియడం లేదు.

మొదటి సంచి మూతి దగ్గర అతను ఆగి, చెయ్యి పెట్టి ఒక చిప్ప తీసుకున్నాడు.

"కూలి," అన్నాడు. ఎవరికి పని చేసినా ఒకటి ముందే తినడం అతని అలవాటు.

వద్దని చెప్పడానికి ఆమెకు ఏ కారణమూ తోచలేదు. అతని చాకు తిరిగింది, పై చిప్ప లేచింది. హ్యూడీ నోటిదాకా తీసుకెళ్లాడు. అక్కడ ఆపాడు. చిప్పను కొంచెం వంచి, వెలుతురు పడేలా తిప్పి, బొటనవేలితో కండను పక్కకు నెట్టి, లోపల నిమిరాడు. వేలు బుడిపె దగ్గర ఆగింది. మళ్లీ అక్కడే నిమిరాడు.

తర్వాత సంచిలోంచి రెండోది తీశాడు. దాన్ని తెరిచింది తినడానికి కాదు.

పోటు నీళ్లు వాళ్ల పిక్కలు దాటాయి. ఒడ్డున మలాకీ చిన్నగా కనబడుతున్నాడు. హ్యూడీ అటు చూశాడు. స్పిలేన్ చేతిలోని ఫోల్డరు చూశాడు. ఆఖర్న ఫిడెల్మా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో, దారి తప్పిన మనిషి ఎవరినైనా అడిగేటప్పుడు ఎలా చూస్తాడో అలా ఉంది.

"అమ్మాయ్," అన్నాడు, "ఇవి చూసే పెట్టావా సంతకం?"

ఫోల్డరు జిప్పు లాగుతున్న స్పిలేన్ చెయ్యి ఆగింది. అతనూ ఆమె జవాబు కోసం తలెత్తి చూశాడు.